వీగన్ హోటల్లో మన సాసేజి

ప్రియమైన ఎకార్ట్‌కి,

నీ గుడ్రున్ రాస్తున్నది. నేను బాగున్నాను, పిల్లి బాగుంది, మీ అక్క ఎల్‌ఫ్రీడ మా ఇద్దరికన్నా బాగుంది. నీ గుండె కూడా అక్కడ శానిటోరియంలో కుదురుగా కొట్టుకుంటోందని తలుస్తున్నాను. ఫోను చేస్తే నీకు సగం వినబడదు, వినబడని సగానికి కూడా "ఊఁ" అంటావు. అందుకే ఉత్తరం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మాంసం కోసే యంత్రం చూడడానికి కాట్‌బుస్ నుంచి ఒకాయన వచ్చాడు. సెప్టెంబరులో మనం కొట్టు మూయగానే పట్టుకెళ్తాడట. మన హెన్నింగ్ మనసు మారలేదు, కొట్టు తీసుకోడట. "అమ్మా, నాకు రైలు నడపడమే హాయిగా ఉంది. ఇంటికెళ్తే పెళ్ళాం నన్ను వాసన చూడకుండానే దగ్గరికి రానిస్తుంది" అన్నాడు. వాడిమీద కోపం పెట్టుకోకు, వాడు మంచివాడే. "తాతల నాటి లివర్ సాసేజి రుచి ఇక నాతోనే పోతుంది" అని రాశావే, ఆ మాట చదివాక నాకు రోజంతా చేతులాడలేదు. ఇక అక్కడ రోజూ క్యారెట్టే పెట్టి చంపుతున్నారన్నావు కదా. నేను క్యారెట్టు తినడానికి ఏకంగా బెర్లిన్ దాకా వెళ్ళొచ్చాను, విను.

సోమవారం కొట్టుకి సెలవు. పొద్దున్నే ఎల్‌ఫ్రీడ వచ్చి, "నలభై ఏళ్ళుగా ఆ బల్ల వెనకే నిలబడ్డావు. ఒక్కరోజు ఊరు చూడవే" అని లాక్కెళ్ళింది. కాలువ గట్టున నడిచాం, పాత సామాన్ల సంతలో తిరిగాం, ఎవరి ఇంట్లోవో తెలియని పెళ్ళి ఫోటోలు తిరగేశాం. మధ్యాహ్నానికి నా కాళ్ళు నావి కాకుండా పోయాయి. అప్పుడు మీ అక్క ఒక హోటల్ ముందు ఆగింది.

"ఇక్కడే తింటున్నాం. వీగన్. మాంసమే కాదు, పాలు, గుడ్లు, తేనె కూడా ఉండవు."

"మరి ఏముంటాయి?"

"కుర్చీలుంటాయి. పద."

గోడలకి పూత లేదు, ఇటుకలు బయటికి కనిపిస్తున్నాయి. పని సగంలో ఆపేశారేమో పాపం అనుకున్నాను. అదే సోకట. పళ్ళేలు ఒక్కటీ గుండ్రంగా లేవు. ముక్కుకి రింగు పెట్టుకున్న అమ్మాయి వచ్చి, ముక్కూ మొహం తెలియని నన్ను "ఏం తింటావు?" అంది. మన కొట్లో ఎవరైనా బేరానికొచ్చినవాళ్ళని "నువ్వు" అంటే నువ్వు ఊరుకుంటావా? నాకు మాత్రం వింతగా, కాస్త వయసు తగ్గినట్టుగా కూడా అనిపించింది.

క్యారెట్టుని సన్నగా కోసి, ఏదో చేసి, పొగబెట్టిన చేప అని పెట్టారు. కళ్ళు మూసుకుని తింటే చేపే. జీడిపప్పుతో జున్ను చేశారు. ఇదెలా, అదెలా అని ఆ అమ్మాయిని మూడుసార్లు పిలిచి అడిగాను. "నువ్వు తినడానికొచ్చావా, తనిఖీకొచ్చావా?" అని మీ అక్క విసుక్కుంది. అప్పుడు జాబితాలో కింద కనబడింది: పప్పుతో చేసిన లివర్ సాసేజి, రై పిండి రొట్టె, ఊరదోసకాయ.

నేను ఊరుకోగలనా? తెప్పించాను. బొటనవేలితో నొక్కి చూశాను. మెత్తదనం సరిగ్గా ఉంది. మరువం ఉంది, వేయించిన ఉల్లిపాయ ఉంది, జాపత్రి ఉంది. అయినా ఏదో లేదు. లేనిదేంటో నాలుక చివర ఆడుతోంది, చిక్కడం లేదు. ఇక ఆగలేక సంచీలోంచి నా రొట్టెల డబ్బా తీశాను. రైల్లో తిందామని మన సాసేజి వెన్నలా రాసి తెచ్చుకున్నవి. ఇదొక ముక్క, అదొక ముక్క కొరికి పోల్చి చూస్తున్నాను.

"ఓసి నీ బుద్ధి మండ! లోపల పెట్టవే!" అని ఎల్‌ఫ్రీడ గుసగుసగా అరిచింది. "చర్చిలో చుట్ట కాలుస్తున్నట్టుంది!"

అప్పటికే పక్క బల్లవాళ్ళు ముక్కులు ఎగబీలుస్తున్నారు. రింగు పిల్ల లోపలికి పరిగెత్తి వంటావిడని తీసుకొచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, పేరు మరైకే. తల నున్నగా గొరిగించుకుంది.

"ఆ డబ్బాలో ఏంటది?"

"మా ఆయన చేసిన సాసేజి. తప్పయిపోయిందమ్మా. మాంసం కొట్టుదాన్ని, పోల్చి చూడకపోతే నాకు నిద్ర పట్టదు."

మూత పెట్టబోయాను. "ఆగు, పెట్టకు" అంది. వంగి వాసన చూసింది.

"చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్ళో మాంసం కొట్టాయన బల్ల మీంచి నాకో ముక్క అందించేవాడు."

"మేమూ ఇస్తాం. పిల్లల్ని వట్టి చేతుల్తో పంపము."

"పదకొండేళ్ళయింది నేను మాంసం మానేసి. ఒక ప్రాణిని చంపి తినడం నా వల్ల కాదు. కానీ ఆ ముక్కని మరిచిపోవడమూ నా వల్ల కావడం లేదు. ఎన్నిసార్లు చేశానో, ఏదో తక్కువ. ఏంటది?"

సరిగ్గా అప్పుడే నాకు చిక్కింది. "నాకు తెలుసు" అనేశాను. బల్ల కింద మీ అక్క నా కాలు తొక్కింది. "నోరు ముయ్యి! మా నాన్న కన్నకూతురికే చెప్పలేదు అది!"

ఎకార్ట్, ఇంతదాకా నవ్విస్తూ వచ్చానంటే, అసలు మాట దగ్గరికి రావడానికి భయపడి. చెప్పేశాను. పియర్ పండు అని. ఎండబెట్టి, పొగగదిలో వేలాడదీసి, పొడికొట్టి కలిపేదని. మీ నాన్న నీకు చెప్పినది, నువ్వు మన పెళ్ళయిన ఏడో ఏట నాతో ఒట్టు వేయించుకుని చెప్పినది, పప్పు తింటూ పరాయిదానికి చెప్పేశాను.

"పండా!" అంది ఎల్‌ఫ్రీడ. "అరవై ఏళ్ళుగా నేను మాంసంలో వెతుకుతున్నానే!"

మరైకే మాత్రం నా పక్కన కూలబడి చెయ్యి పట్టుకుంది. "పండేనా? అయితే అది నేను తినొచ్చు" అని చిన్నపిల్లలా ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది.

ఒట్టు తప్పాను, కాదనను. రైల్లో వస్తుంటే సిగ్గు వేసింది. కానీ నీతోనే పోతుందని నువ్వు రాసిన రుచి ఇంకొకరి చేతిలో బతుకుతుందంటే నాకు సంతోషం కూడా వేసింది. ఏది ఎక్కువో తేల్చుకోలేకపోతున్నాను.

ఇంకొకటి. మరైకే వెంటనే కాగితం తీసి, "ఏ కట్టె? ఎన్ని గంటల పొగ?" అని అడిగింది. అది నాకూ తెలియదన్నాను. ఆ పొగగదిలోకి నువ్వొక్కడివే వెళ్ళి తలుపేసుకునేవాడివి. ఆమె వచ్చే సోమవారం బుట్టెడు పియర్ పండ్లతో మన ఇంటికొస్తానంది. నువ్వు వద్దంటే రావద్దని నేనే చెప్తాను. నన్ను తిట్టాలనుంటే ఎన్ని పేజీలైనా తిట్టు, పడతాను. తిట్టడం అయ్యాక అడుగున ఆ కట్టె పేరూ ఆ గంటలూ రాయి. మరైకేకి చెప్పడం ఇష్టం లేకపోతే నాకైనా చెప్పు. నలభై ఒక్క ఏళ్ళుగా ఆ తలుపు బయటే నిలబడ్డాను.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ భార్య,
గుడ్రున్