నాకు చేయవలసిన కర్మ ఆమెకు చేయండి

శ్రీరామ

లండన్ హారోలో ఉంటున్న, కీర్తిశేషులు పద్మనాభం గారి పెద్ద కుమార్తె, యాభై ఏడేళ్ల అలివేలుమంగ అను నేను, ఉదయం పూజ ముగించి, మనసు నిమ్మళంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా. ఇంతకుముందు రాసినవి చెల్లవు.

1. నా ఫ్లాట్, బ్యాంకులోని సొమ్ము తమ్ముడు శ్రీకర్‌కు, చెల్లెలు హైమకు చెరిసగం. దీన్ని అమలు జరపవలసింది హైమ. శ్రీకర్ బ్రాక్‌నెల్ నుంచి ఫోన్లో సలహాలిస్తాడు. వినాలని లేదు.

2. నా శరీరం, నేను ఇరవై ఏళ్లు ఎనాటమీ చెప్పిన విశ్వవిద్యాలయానికి. సమ్మతి పత్రం సంతకం చేసి ఇచ్చాను. కనుక నా దహనం, కర్మ మీ మీద లేవు.

3. ఆ కర్మ మరొకరికి చేయాలి. బానిసల కష్టం వల్ల, వలసపాలన వల్ల తనకు చేరినవేమిటో తేల్చడానికి విశ్వవిద్యాలయం కమిటీ వేసింది. నేనూ సభ్యురాలిని. డబ్బు ఎక్కడిదన్న ఆరా వలసదేశాల చెరకు తోటల దాకా వెళ్లింది. మా విభాగం బీరువాలో ఒక అస్థిపంజరం దొరికింది. పెట్టె మీద 'కోరంగి, కూలీ స్త్రీ' అని ఉంది. ఆ తోటలకు మన కూలీలను ఓడలెక్కించిన రేవు కోరంగి. పేరు లేదు. ఎముకలను బట్టి వయసు ఇరవై దాటదు. మెడపూసలు మోతబరువుకు అరిగాయి. తమ మనిషేనని ఒక కుటుంబం వచ్చి అడిగితే అప్పగిస్తామని తీర్మానించారు. ఎవరూ రాకపోతే మళ్లీ బీరువాలోకే. వచ్చే వేసవి వరకే గడువు. సభ్యురాలిని కనుక నేను అడగకూడదు. నా గుండె కూడా అంతవరకు కొట్టుకునేలా లేదు. మీరు అడగాలి.

4. "ఎవరి ఎముకలో మనకెందుకక్కా? పంతులుగారు గోత్రం అడిగితే ఏం చెప్తాం?" అన్నాడు శ్రీకర్. తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పే ఆచారం ఉంది. మీరు మాత్రం మనదే చెప్పండి. నాన్న ఏమీ అనుకోరు. శ్రీకర్, అమ్మ పదోరోజున ఆఫీసులో ప్రాజెక్టు గో-లైవ్ అని రాలేదు నువ్వు. పిండాలు హైమ భర్త పెట్టాడు. ఈసారి పదిరోజులూ సెలవు పెట్టు. ఫ్లాట్‌కు ఇది షరతు కాదు. చేస్తావని తెలుసు.

5. అమ్మ ఉప్పాడ చీర. "దాచి దాచి ఎవరికి కట్టబెడదామనే?" అని హైమ నన్ను దెప్పింది కూడా. ఎముకలను అట్టపెట్టెలో తేవద్దు. ఆ చీరలో చుట్టి తీసుకురండి. హైమా, కోపం వస్తే రానీ.

6. హైమ కూతురు ప్రఫుల్లకు నా తులసి కుండీ. "పెద్దమ్మా, డూ ఐ హావ్ టు ప్రే టు ఇట్?" అని అడిగింది. నీళ్లు పోస్తే చాలు తల్లీ. రేడియేటర్ పక్కన మాత్రం పెట్టకు.

7. విశ్వవిద్యాలయంలో చెరకు తోటల యజమాని పేరున్న హాల్లో నాకు సంతాపసభ వద్దు. అక్కడ టీ కూడా బాగుండదు.

8. ఆమె అస్థికలు కోరంగి దాటాక, గోదావరి సముద్రంలో కలిసేచోట వదలండి. మీరు వెళ్లినప్పుడు, ఆమె మీకు ఏమవుతుందని కమిటీ అడుగుతుంది. అక్క అనండి. నాకంటే ముందు పుట్టింది, ఇంటికి పెద్దది ఆమే. నేను రెండోదాన్ని.

హారో, 14 నవంబరు 2018

(సంతకం) అలివేలుమంగ

నా ఎదుట, ఒకరి ఎదుట ఒకరు సంతకం చేసిన సాక్షులు:
సదాశివం, పక్క ఫ్లాట్
విజయ, మా డాక్టరు (జీపీ) క్లినిక్ రిసెప్షన్