రూబీ వాళ్ళ నాయనమ్మ కట్టిన పాట

షామ్‌బర్గ్, అమెరికా,
1983 ఫిబ్రవరి

అక్కకు నమస్కారాలు.

నేను, మీ మరిది ఇక్కడ బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? పిల్లలు బడికి సరిగ్గా వెళ్తున్నారా? నీ ఉత్తరం చేరి చాలా రోజులైంది, జవాబు ఆలస్యమైనందుకు కోప్పడకు.

ఇక్కడ మంచు ఇంకా తగ్గలేదు. పొద్దున్నే ఆయన కారు మీది మంచు గీకి, నన్ను ఆసుపత్రి వంటగది దగ్గర దింపి ఆఫీసుకు వెళ్తారు. ఏడో నెల కదా, బరువులు ఎత్తనివ్వడం లేదు. రోగుల పళ్ళేల్లో రొట్టె, పండు సర్దడమే నా పని. ఇక్కడ దొరికే చింతపండుకు పులుపే లేదు. నీ గోంగూర పచ్చడి తలుచుకుంటేనే నోరూరుతోంది. బెంగ పెట్టుకోకు, వేళకు తింటున్నాను.

నాతో పనిచేసే రూబీ అనే నల్లజాతి ఆవిడ, అమ్మ వయసుది, మొన్న ఆదివారం మనవరాలి పుట్టినరోజుకు మమ్మల్ని పిలిచింది. కేకు కోశాక ఆవిడే పాట అందుకుంది. బ్లూస్ అంటారట. మొదటి వరుస రెండుసార్లు పాడి, మూడో వరుసలో దానికి జవాబు చెప్తారు. రొట్టె చల్లారిపోయింది, ఏటికట్ట మీదికి వెళ్ళిన మనిషి రాలేదు అని రెండుసార్లు. ఏటినడిగితే ఏరు నా మొహం కూడా చూడలేదు అని తరువాత. రేడియోలో ఈ పాట చాలాసార్లు విన్నాను. ఎవరో ప్రియుడు వదిలేసి పోయాడని అనుకున్నాను. కాదట. మిసిసిపీలో వరదకు కట్ట పోయడానికి వెళ్ళి రూబీ తాత మునిగిపోతే, వాళ్ళ నాయనమ్మ పత్తి ఏరుతూ కట్టిన పాటట. పక్క సాళ్ళలో ఆడవాళ్ళు అందుకుని పాడితే అది ఊళ్ళు దాటిపోయింది.

పుట్టినరోజు నాడు, పసిపిల్ల ముందు ఇదేం పాట? ఉండబట్టలేక, అశుభం కాదా అని అడిగేశాను.

రూబీ నవ్వింది. "మా ఇంట్లో ఏ పెళ్ళయినా, ఏ పుట్టినరోజైనా ముందు మా నాయనమ్మే పాడేదమ్మా. ఆవిడ పాడకపోతే మాకు పండగ మొదలైనట్టే ఉండేది కాదు."

అక్కా, ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. బావ పోయాక నువ్వు నోరు విప్పి పాడలేదు. నా పెళ్ళిలో మంగళహారతి వేళకు నిన్ను వంటింట్లో కూర్చోబెట్టారు. హారతి పాడినావిడ శృతి సంగతి నీకూ తెలుసు, చెప్తే బాగుండదు. ఇక్కడ సాయంత్రాలు ఇల్లంతా నిశ్శబ్దం. నీ గొంతు వినాలని ప్రాణం లాగేస్తోంది.

మీ మరిది స్నేహితుడు వచ్చే నెల గుంటూరు నుంచి వస్తున్నారు. ఆయనతో ఒక క్యాసెట్ పంపు. లాలిపాటైనా, హారతైనా, నీకు ఏడుపొచ్చే పాటైనా సరే. నా బిడ్డ చెవిన మొదట పడే పాట నీదే కావాలి. మా అత్తగారు ఏమంటారోనని నువ్వు వెనకాడతావని తెలుసు. మీ మరిదితో చెప్పాను. "మీ అక్కని పాడమను. మా అమ్మతో నే మాట్లాడతాలే," అన్నారు.

పెద్దమ్మకు, బాబాయికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. పురుటికి ముందు ముత్తయిదువుల దీవెనలు తీసుకోమని అమ్మ రాయించింది. వాళ్ళందరికంటే ముందు, అక్కా, నాకు నీ దీవెన కావాలి.

తల వంచుకుని, నీ చేతి కోసం ఎదురుచూస్తున్న
నీ చెల్లెలు
సరోజ