అన్నం తిన్నాక చెబుదామని

నార్త్ కెరొలీనా,
జూన్ 2, 1984.

పెద్దక్కా,

ఇరవై మూడేళ్ళుగా నిన్ను అడగాలనుకుంటూ అడగని మాట ఒకటుంది. నా ఎమ్మే పరీక్షలప్పుడు నాన్న గుంటూరు ఆసుపత్రిలో పదకొండు రోజులు మంచాన ఉంటే, వాల్తేరు హాస్టల్లో ఉన్న నాకు "నాన్న కులాసా, నువ్వు బాగా చదువుకో" అని కార్డులు రాశావు. అప్పుడు నువ్వు నన్ను కాపాడావా, నాది ఏదైనా లాక్కున్నావా?

దెబ్బలాటకు అడగడం లేదు. ముందుగా నీకూ బావగారికీ ప్రభువు పేరిట నా వందనాలు. ఇక్కడ మా ముగ్గురి ఒళ్ళూ బాగానే ఉన్నాయి, మీరూ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. మా పిల్ల రేణుకి తెలుగు చదవడం వచ్చిందా అన్నావు. అక్షరాలు వచ్చాయి, ఓపిక రాలేదు. బావగారి షుగర్ మాత్రలు ఇక్కడి నుంచి పంపక్కర్లేదన్నారు ఈయన. అవే మాత్రలు అక్కడా దొరుకుతాయట, తీపి మానే బుద్ధి మాత్రం ఎక్కడా దొరకదట. ఆర్మీలో డాక్టర్‌గా ఈయనకు ఇంకా రెండేళ్ళుంది. ఆ తర్వాత ఎక్కడికో నాకూ తెలియదు.

ఇక నువ్వు చివర్లో అడిగింది. "ఫోటోలో తెల్లపూల చెట్టు కింద నవ్వుతున్న ఆ నిండు చూలాలు ఎవరు? కాన్పయిందా?" అని. ఆ ఫోటోని రేణు నాకు చెప్పకుండా పోయిన ఉత్తరం కవర్లో పెట్టిందట. తెలిస్తే పెట్టనిచ్చేదాన్ని కాదు.

ఆ పిల్ల లూసీ. చీరాల వాళ్ళమ్మాయి, ఇరవై నాలుగేళ్ళు. భర్త ఆనందబాబు ఇక్కడ హెలికాప్టర్ మెకానిక్. మాది ఆఫీసర్ల వీధి, వాళ్ళది సిపాయిల వీధి. ఇక్కడ ఆ రెండు వీధుల ఆడవాళ్ళూ పెద్దగా కలవరు. తెలుగు కోసం మేం కలిశాం. ఆదివారం మా ఇంట్లో ప్రార్థన, తర్వాత భోజనం, వెళ్ళేటప్పుడు ఒక గిన్నెలో కూర.

ఇక్కడ మార్చి దాకా అడవి చచ్చినట్టుంటుంది. ఏప్రిల్‌లో ఒక వారం, ఆకైనా సరిగా రాకముందే, డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా పూస్తాయి. పైన్ చెట్ల నీడలో ఎవరో ఉతికిన పంచెలు ఆరేసినట్టుంటుంది. వాసన ఉండదు. ఆ వారమంతా ఈ ఆర్మీ బేస్‌లో ఆడవాళ్ళు తమ మగవాళ్ళు ఎక్కడున్నారో, ఎప్పుడొస్తారో ఎత్తకుండా పూల గురించే మాట్లాడుకుంటారు. చూడటానికి పోదామని లూసీ నన్ను ఎన్నాళ్ళుగానో అడుగుతోంది. ఆమెకు డ్రైవింగ్ రాదు. మట్టల ఆదివారం ముందు శనివారం వెళ్దామని మాటిచ్చాను.

వెళ్ళాం. ముప్ఫై మైళ్ళు. చెట్టు కింద దుప్పటి పరిచి పులిహోర పెట్టాను.

"అక్కా, ఇంగువ తగ్గింది. మా అత్త చూసిందంటే ఆఫీసరమ్మ అని కూడా చూడదు మిమ్మల్ని!"

"పోనీ మానెయ్."

"మానేదేంటి, ఇంకాస్త వెయ్యండి. ఆయనకీ కొంచెం ఉంచండక్కా. సాయంత్రం వచ్చి నాకేదీ అంటాడు."

అప్పుడే తీశాను ఆ ఫోటో. నువ్వు చూసిన నవ్వు అదే.

ఆరింటికి తిరిగి వచ్చేసరికి వాళ్ళింటి ముందు కారు, అందులో యూనిఫాంలో ఇద్దరు. ఈ బేస్‌లో ఆ కారును గుర్తుపట్టని ఆడది లేదు. పొద్దున ట్రైనింగ్‌లో హెలికాప్టర్ కూలింది. ఆనందబాబు అందులో ఉన్నాడు. ఆసుపత్రిలో మూడు నలభైకి పోయాడు. మే అయిదున లూసీకి ఆడపిల్ల పుట్టింది. బిడ్డ క్షేమం. నీ ప్రశ్నకు జవాబు ఇంతే.

అందరికీ తెలిసింది కూడా ఇంతే. ఇక్కడితో ఆపేద్దామని కలం మూశాను కూడా.

ఆ రోజు పదకొండింటికి ఈయన ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. "హెలికాప్టర్ పడింది. ఆనంద్‌ని తెచ్చారు. ప్రాణం ఉంది గానీ ఆశ తక్కువ. ఆఫీసు వాళ్ళు వచ్చి చెబుతారు, నువ్వు నోరు విప్పకు. లూసీని ఇల్లు కదలనివ్వకు" అన్నారు. రిసీవర్ పెట్టానో లేదో, గుమ్మంలో లూసీ. ఉతికిన చీర, జడ.

"ఎండెక్కుతోందక్కా, పదండి! సంబరంలో పొద్దుట్నుంచి ఏమీ తిన్లేదు."

మన ఇంట్లో పస్తున్న మనిషికి చెడు వార్త చెప్పరు. పరీక్ష అయ్యాక నువ్వు హాస్టల్‌కి వచ్చి, ముందు నాచేత ఇడ్లీ తినిపించి, చేయి కడుక్కున్నాక గానీ నాన్న పోయిన సంగతి చెప్పలేదు. నేనూ అలాగే అనుకున్నాను. ఒక పూట తిననీ, ఒక గంట నవ్వనీ, కడుపులో బిడ్డ ఉంది. కారు తీశాను. గంట కాస్తా అయిదు గంటలైంది. పోదామని ఆమె రెండుసార్లు అంది. ఇంకాసేపు అన్నది నేను.

ఆ కారు పన్నెండున్నరకే వచ్చిందట, ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి. తలుపు తాళం చూసి వెళ్ళి, సాయంత్రం రెండో కబురుతో మళ్ళీ వచ్చింది. మధ్యలో ఒకసారి ఆనంద్‌కి తెలివొచ్చిందని ఈయన అన్నారు. ఏమన్నాడో చెప్పలేదు. నేను అడగలేదు. ఎందుకు తీసుకెళ్ళావని ఆయన ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మొన్న లూసీ బిడ్డను నా ఒళ్ళో పెట్టి ఆ ఫోటో కాపీ ఒకటి అడిగింది. "అది తీసేటప్పటికి ఆయన బతికే ఉన్నాడు కదక్కా? పూల మధ్య కూర్చోబెట్టి అన్నం పెట్టారు. ఆ ఒక్క రోజైనా ఉంది నాకు, మీ పుణ్యమా అని" అంది. నేను బిడ్డ కాళ్ళు పట్టుకుని కూర్చున్నాను.

పోయేముందు నాన్న నన్ను అడిగాడని నువ్వు చెప్పినప్పుడు, నన్ను పిలిపించలేదని నీ మీద నాకు కోపం వచ్చింది. ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందని కూడా అనిపించింది. రెండూ ఇవాళ్టికీ ఉన్నాయి, ఒకటి రెండోదాన్ని తగ్గించలేదు. ప్రార్థన చేస్తే జవాబు వస్తుందంటావు. మోకాళ్ళ మీద ఉన్నప్పుడు నాకు నా గొంతే వినిపిస్తోంది.

నిజం చెబితే లూసీకి ఆ ఒక్క రోజూ పోతుంది. చెప్పకపోతే, భర్త పక్కన ఉండాల్సిన గంటలు ఎవరు తీసుకున్నారో తెలియకుండానే నన్ను దీవిస్తూ బతుకుతుంది. చెప్పాలన్న తపన ఆమె కోసమా, నా బరువు ఆమె నెత్తిన పెట్టడానికా? ఫిలాసఫీ చదివినదాన్ని, ఇంత చిన్న లెక్క తేల్చుకోలేకపోతున్నాను.

క్వార్టర్ ఖాళీ చేసి వచ్చే శనివారం ఆమె చీరాల వెళ్ళిపోతోంది. ఎయిర్‌పోర్ట్‌కి గంటన్నర దారి, డ్రైవ్ చేసేది నేనే. కార్లో మేమిద్దరం, బిడ్డ. ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఆ గంటన్నర అయిపోయి ఉంటుంది. చెబుతానో లేదో నాకు తెలియదు అక్కా. ఏది మంచిదో కూడా తెలియదు.

ఇట్లు,
నీ చెల్లెలు
ప్రేమజ్యోతి