రెండు వరసల కుట్టు

మార్చి 4
తాతనవుతున్నాను! అమ్మాయికి ఐదో నెల. ముందే చెబితే వీధంతా చాటేస్తానని మా ఆవిడ ఇన్నాళ్ళూ దాచింది. చాటేశాను కూడా! నలభై ఏళ్ళుగా అందరికీ కుడుతున్నాను, బెత్తెడు చొక్కా కత్తిరించడం ఇదే మొదలు. తెల్లటి మెత్తటి గుడ్డ. చేతులు, మెడ, అన్నీ కత్తిరించిపెట్టాను. మిషన్ దానంతటదే తిరుగుతున్నట్టుంది.

మార్చి 11
బిడ్డ దక్కలేదు.

మార్చి 14
అమ్మాయిని మా ఇంటికి తెచ్చుకున్నాం. పాలు పడ్డాయి. తాగేవాళ్ళు లేరని ఒంటికెవరు చెబుతారు? డాక్టరుకి ఫోన్ చేద్దామన్నాను. ఆడవాళ్ళ సంగతులు మీకెందుకు, బిగించి కడితే రెండు రోజుల్లో ఇంకిపోతాయి, వెడల్పాటి పట్టీ కుట్టిపెట్టండి చాలు అంది మా ఆవిడ. హమ్మయ్య, నాకు తెలిసిన పని! లోపల దళసరికి ఆ చొక్కా ముక్కలే పెట్టేశాను. వాటితో ఇంకేం పని? రెండు వరసల కుట్టు, ఆరు హుక్కులు. గుర్రాలు లాగినా ఊడదు అన్నాను. నేనే అన్నాను.

మార్చి 17
నాన్నా, ఎడమపక్క కాస్త వదులు చెయ్యవా అంది. ఓర్చుకో తల్లీ, బిగుతుంటేనే పని చేస్తుంది అన్నాను.
రెండు పక్కలా ఒకే కొలత కుట్టాను. ఒక్క పక్కే ఎందుకు బిగుసుకుంది? టేపు మెడలోనే ఉంది. అడగడానికి నోరు రాలేదు.

మార్చి 19, ఉదయం 6
వణుకు. జ్వరం. పట్టీ మీద పసుపుపచ్చ మరక. తగ్గుతుందిలెండి అంటోంది మా ఆవిడ. టాక్సీ పిలిచాను.

అదే రోజు, సాయంత్రం
చీము పట్టింది. సూదితో లాగారు. హుక్కులు రాక కత్తెర వేస్తే నర్సు చెయ్యి నొప్పెట్టింది. ఇంత గట్టి కుట్టు ఎక్కడా చూడలేదంది. ఆ మెచ్చుకోలు నాకెందుకు!
డాక్టరమ్మ నన్నూ లోపలికి పిలిచింది. వినండి పెద్దాయనా, బిడ్డ పోయినా పాలు పడటం మామూలే, బరువెక్కడం, కారడం కొన్నాళ్ళలో అవే తగ్గుతాయి, బిగించి కట్టకూడదు అంది. ఒకపక్క ఎర్రబడి, వేడెక్కి, నొప్పితో గట్టిపడితే, జ్వరమొస్తే, చీమో నెత్తురో కనబడితే ఆ రోజే రావాలట. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 23
జ్వరం దిగింది! రెండుసార్లు పెట్టించుకుని తింది నా తల్లి! నాన్నా, మెల్లగా మాట్లాడు, చెవులు పోతున్నాయి అని విసుక్కుంది కూడా! ఆ విసుగు ఎంత బాగుందో! చిన్న గడ్డ మిగిలింది. రెండు వారాల్లో కరగకపోతే స్కానింగ్ చెయ్యాలి, అలాగే వదిలెయ్యకూడదు అన్నారు.
కొలతలకొచ్చిన ఆడవాళ్ళందరికీ డాక్టరమ్మ మాటలు చెబుతున్నాను. సిగ్గు లేదా మీకు అంది మా ఆవిడ. ఉంది. దానివల్లే ఐదు రోజులు ఆలస్యమైంది.

ఏప్రిల్ 6
గడ్డ కరిగింది.
పట్టీ కుట్లు విప్పాను. ఒక పూటంతా పట్టింది. అమ్మాయి పక్కన కూర్చుని దారాలు ఏరింది.
లోపలినుంచి రెండు చిన్న చేతులు వచ్చాయి. ఇస్త్రీ చెయ్యి నాన్నా అంది.