ఇరవై కిలోమీటర్లు, నలభై నిమిషాలు

12-3-83, శనివారం

లారీ యాక్సిడెంటు మీద మా గోడౌన్లో పెట్టిన పంచాయితీలో నా లెక్కే నెగ్గింది. మా డ్రైవరు సత్యం హార్బరు గేటు నుంచి పెందుర్తికి ఇరవై కిలోమీటర్లు నలభై నిమిషాల్లో వచ్చాడు, అంటే గంటకి ముప్పై, ఇందులో స్పీడెక్కడుందని అడిగాను. ఆ లారీ తగిలి కాలు విరిగిన సైకిలతని భార్య ముందుకొచ్చింది.

“ఆ లెక్క కాయితం మీద రాసియ్యండి బాబూ. తప్పు లారీదేనని మా ఆయన గొడవెడతన్నాడు, సూపిత్తాను” అంది. రాసిచ్చాను.

సాయంత్రం టీ తాగుతూ సత్యం నవ్వాడు. “ఆ రోజు సింహాచలం కొండ కింద తొలిపావంచా మెట్టు కాడ కొబ్బరికాయ కొట్టడానికి ఇరవై నిమిసాలు నిలబడిపోనాను, బావా.”

అంటే లారీ నడిచింది ఇరవై నిమిషాలే. గంటకి అరవై.

ఆవిడ ఆ కాగితం మడిచి కొంగున ముడేసుకుని ఎప్పుడో వెళ్లిపోయింది. ఈపాటికి ఆ సైకిలతను తప్పు తనదేనని నమ్మేసి ఉంటాడు.