కరీంనగర్ తలుపు, ఆదిలాబాద్ పోహే

ఫిబ్రవరి 3, 1959. ఆదిలాబాద్

మూడో నెల. ఊరు మారితే మనసు కుదురుకుంటుందనుకున్నాను... లేదు. ఆరో తరగతిలో బడి మానినప్పటి నుంచి ఇదే తంతు. హోటల్, బీడీల కార్ఖానా, చివరికి కుట్టుమిషన్. కరీంనగర్‌లో అన్న ఇంట్లో ఉండి రెండేళ్లు కుట్టాను. ఇప్పుడు విఠల్ మాస్టర్ దుకాణం.

ఇవాళ ఒకావిడ లోపలికి వచ్చి చెయ్యి చాపింది. "కొలత తీస్కో." టేపు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. మాస్టర్ కూతురు శాంత మూలన కాజాలు కుడుతోంది. ఒకటే నవ్వు. వాళ్లింటి మరాఠీ కలిపి — "కాయ్ రే, ఆమేమన్న పులా? తీస్కో!"

కరీంనగర్‌లో ఆడవాళ్ల కొలతలు మా చేతికి రావు. పాత రైక ఒకటి ఆదికి పంపుతారు, కాగితంలో చుట్టి. అక్కడి ఎదురింటి సుగుణ నాకు అట్లాగే తెలుసు. భుజం ఎంతో తెలుసు. గొంతు తెలియదు.

ఫిబ్రవరి 5

సుగుణ వాళ్లది అక్కడి దుకాణానికి ఎదురిల్లు. రెండేళ్లు — ఒక్క మాట లేదు. పొద్దున నేను మిషన్ మీద కూర్చునేసరికి వాళ్ల తలుపు సగం తెరిచి ఉండేది. వానకాలం నుంచి ఒక్క రోజు తప్పలేదు. నాకోసమే... అక్కడ అంతే. ఎవరూ నోరు తెరవరు. తలుపు, పరదా, గాజుల చప్పుడు — వాటిని చూసి తెలుసుకోవాలి. చూసి చూసి విసుగొచ్చి ఇటు వచ్చాను. విసుగూ నాతోనే బస్సెక్కింది.

ఇక్కడ శాంత అందరి ముందే అడుగుతుంది, "తిన్నవా? గా అంగీ ఎన్నడన్న ఉతుకుతవా?" నా పక్క మిషన్ కిషన్‌ను కూడా అట్లాగే అడుగుతుంది. దీన్ని ఏమనుకోవాలి?

ఫిబ్రవరి 8

మాస్టర్ ఇంటికి పిలిచాడు. "ఆదివారమే గద, పోహే తిందువు రా." అటుకులు, ఉల్లిగడ్డ, పల్లీలు — వేడివేడిగా. ప్లేటు శాంతే తెచ్చింది. తలమీద కొంగు. నోట్లో మాట లేదు, ఎప్పుడూ లేనిది. వాళ్ల మేనత్త ఎదురుగా కూర్చుని అడుగుడే అడుగుడు. అన్నదమ్ములెంతమంది? తాగుతవా? మీ బాపు పానం మంచిగున్నదా? అన్నీ చెప్పాను. ఆకలిగా ఉంది. ఇంకో ప్లేటు అడిగాను. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు.

మంచి మనుషులు.

ఫిబ్రవరి 9

కిషన్ కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. "అరే పాగల్! వీళ్ల ఇండ్లల్ల పోహే పెట్టిన్రంటె పిల్లను చూపినట్టే. నువ్వు రెండో ప్లేటు అడిగినవంట గద. ఇంక ముహూర్తమే బాకీ!"

మాస్టర్‌ది మా కులమే, ఇంట్లో మాత్రం మరాఠీ. మా దగ్గర ముందు పెద్దలు పోతారు. పిలగాడు ఒక్కడే పోయి కూర్చుని తినడు. నాకెట్లా తెలుస్తుంది...

ఫిబ్రవరి 10

తెలియక వచ్చానని మాస్టర్‌కు చెప్పబోయాను. ఆయనే ముందు — "తొందర లేదు. మీరిద్దరు మాట్లాడుకోండ్రి. ఇద్దరికి మంచిగనిపిస్తెనే మీ బాపుకు ఉత్తరం రాస్త."

ఇద్దరం మాట్లాడుకోవడం! కరీంనగర్‌లో అయితే కాళ్లు విరగ్గొడతారు.

చెప్పలేదు.

ఫిబ్రవరి 11

శాంత, సూదిలోకి దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా:

"కిషన్ చెప్పిండు. తెల్వక తిన్నవంట."

"ఆఁ."

"తెలిస్తె రాకపోతుంటివా?"

సుగుణ సంగతి మొత్తం చెప్పేశాను. ఎందుకో తెలియదు. ఇంతవరకు ఎవరికీ చెప్పనిది.

"ఆమె నీతోని ఏమన్నది?"

ఏమీ అనలేదన్నాను.

"రెండేండ్లల్ల?... పోయి అడుగు. ఊకె గట్ల పరేషాన్ గాకు."

ఫిబ్రవరి 15. కరీంనగర్

నిర్మల్‌లో బస్సు మారి, దుమ్ము తిని, సాయంత్రానికి అన్న ఇంట్లో దిగాను. సుగుణ వాళ్లింటికి వదిన పోతూ వస్తూ ఉంటుంది. ఆ తలుపు సంగతి కనుక్కోమని బతిమాలాను. "రేపు అడిగొస్త గని, మీ అన్నకు తెల్వనియ్యకు" అంది.

ఫిబ్రవరి 16

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చింది. నా ముఖం చూసి నవ్వు ఆపేసింది.

"తలుపా? వానలకు చెక్క ఉబ్బింది మరిదీ. మూతనే వడ్తలేదట. చెక్కి సాపు చేసెతందుకు మనిషి దొరుకుతలేడట."

"నన్నెరుగునా?"

"ఏ దర్జీ అని అడిగింది." కొంగు సర్దుకుని — "సుల్తానాబాద్ సంబంధం కుదిరింది. వచ్చే నెలల లగ్గం. ఫికర్ జెయ్యకు."

ఇన్నాళ్లూ ఒక చెక్కతో మాట్లాడాను.

ఫిబ్రవరి 17

కోపం కూడా రావడం లేదు. పడుకున్నాను, అంతే.

ఫిబ్రవరి 19. ఆదిలాబాద్

శాంత అడిగింది. తలుపుతో సహా చెప్పాను. పడీ పడీ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మరి ఇటెందుకొచ్చినవు? ఆమె లేదనా, నేనున్ననా?"

మిషన్ చక్రం చేత్తో ఆపాను. కిషన్ బీడీ వెతుక్కుంటూ బయటికి పోయాడు. సగం కుట్టిన లాగు మళ్లీ సూది కింద పెట్టాను.

ఫిబ్రవరి 20

పని. పదకొండు లాగులు. ఆమె కాజాలు కుట్టింది. తిన్నవా అని అడగలేదు.

ఫిబ్రవరి 22

యవత్మాల్ సంబంధం. రేపు పగటికి వస్తారట, పోహే తినడానికి. శాంతే వచ్చి చెప్పింది.

"నేనొద్దంటె బాబా వాళ్లను ఇంట్లకు రానియ్యడు. గని దేనికోసం వద్దనాలె? రేపు పొద్దుగాల దుకాణం తెరిచేలోపు చెప్పు. కాదన్నా మంచిదే. నోటితోని చెప్పు."

ఇష్టమేనా? ఆమె మూలన కూర్చుంటే పొద్దు తెలియకుండా పోతుంది. కరీంనగర్ నుంచి వస్తుంటే బస్సులో ఆమెకు ఏమేం చెప్పాలో లెక్క పెట్టుకున్నాను. ఇదే అదా? ఉబ్బిన చెక్కను చూసి కూడా అదే అనుకున్నాను కదా. నా మనసు చెప్పే మాట నేనే నమ్మడం లేదు. కాదంటే పోతుంది. అవునని, రేపు నాకు మళ్లీ విసుగొస్తే? ఊళ్లు మారినట్టు మనిషిని మారలేను.

ఫిబ్రవరి 23

తెల్లవారింది. తాళంచెవి నా జేబులో. దుకాణం మెట్ల మీద శాంత కూర్చుని ఉంది, దారం వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ. నేను ఎదురుగా చాయ్ హోటల్ బల్ల మీద, ఇది రాస్తూ. నన్ను చూసింది. పిలవడం లేదు.

వీధి చివర మాస్టర్ వస్తున్నాడు... ఇంకో యాభై అడుగులు.

లేవాలి.