వేలెడు సందు

వంతెన పనిలో తలమునకలుగా ఉన్న శ్రీవారికి,

మీ ఉత్తరం చేరింది. "నువ్వు ఇంటిపట్టున ఉంటేనే సంసారం స్టేబుల్‌గా ఉంటుంది, ఆసుపత్రి ఉద్యోగం మాట మరిచిపో" అన్నారు. ఆ "స్టేబుల్" మాట మీద నాకు పాత అనుమానం ఉంది. మొన్న అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరుగారు రోజూ "స్టేబుల్" అనేవారు. మేం సంబరపడేవాళ్ళం. ఒకరోజు అంటే ఏమిటని అడిగితే, "మార్పేమీ లేదమ్మా" అన్నారు. మన అమ్మాయి నిఘంటువు తీసి చూస్తే గుర్రపుసాల అని కూడా ఉంది. మీరు ఏ అర్థంలో రాశారో తేల్చుకోలేకపోయాను.

అమ్మ పక్కన ఊరికే కూర్చోలేక అక్కడి దుప్పట్ల గది సర్దాను కదా. చిరిగినవి ఒకవైపు, మరక వదలనివి ఒకవైపు, మంచివి చేతికందే అరలో. అది చూసే మేట్రనుగారు, "ఈ గది మీరే చూసుకోకూడదా?" అని అడిగారు. ఇన్నేళ్ళుగా ఇంట్లో చేస్తున్నదీ ఆ పనే. ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

అసలు మీ అభ్యంతరం నాకు తెలుసు. మీరు చెప్పాపెట్టకుండా ఏ వేళ వచ్చినా తలుపు తీసే మనిషి ఉండాలి. పెళ్ళయిన కొత్తలో మీరే నన్ను వంతెన మీద నిలబెట్టి కాళ్ళ కింద సందు చూపించారు. నేను భయపడితే నవ్వారు. "పిచ్చిదానా, రెండు కొసలూ బిగించేస్తే ఎండకి సాగి పగిలిపోతుంది. వేలెడు సందు వదిలితేనే వంతెన నిలుస్తుంది" అన్నారు. వంతెనకిచ్చిన ఆపాటి చోటు నాకివ్వడానికి చేతులు రావా?

అనుమతి అడగడానికి రాయడం లేదు. సోమవారం చేరుతున్నాను.

మీ
ఇంటిమనిషి

* * *

శ్రీవారికి,

జవాబు వస్తుందనుకుంటే మీరే ఊడిపడ్డారు. అమ్మాయి బడి నుంచి, నేను పని నుంచి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. "మీ ఆవిడ డ్యూటీకెళ్ళిందిగా, మీతో చెప్పలేదా?" అని పక్కింటావిడ అడిగితే, "ఎందుకు చెప్పదూ, చెప్పింది" అన్నారట, ఆముదం తాగిన మొహంతో. రెండు రోజులున్నారు. ఆ ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, పనీ మానలేదు. వెళ్ళేటప్పుడు కూడా బస్సు వేళ గురించే మాట్లాడారు. ఇక ఈ మనిషితో లాభం లేదనుకున్నాను.

ఇవాళ పొద్దున్న తాళం వేయబోతే మేకుకి రెండో తాళంచెవి లేదు. ఇల్లంతా వెతికాను. అమ్మాయి తను తీయలేదంది. ఎవరో తీస్తే తప్ప నా ఇంట్లో వస్తువు చోటు మారదు.

జాగ్రత్త, జేబులో వేసి చాకలికి ఇచ్చేస్తారు. వచ్చినప్పుడు తలుపు మీరే తీసుకోండి. వంట మూతపెట్టి ఉంటుంది. వేడి చేసుకోవడం కూడా మీ పనే.

దుప్పట్ల గది నుంచి,
మీ ఆవిడ